ఉత్తరం వైపు మంచం

“ఉత్తరం వైపు తల పెట్టి పడుకోబెట్టేరేంటండీ నన్ను?” అని నూకరత్నం అడిగినప్పుడు నేను నమ్మలేదు.

ఆ అమ్మాయికి రెండు కళ్ళూ కనిపించవు. చిన్నతనంలో వచ్చిన జ్వరం చూపు పట్టుకుపోయింది. పైగా ఆ ముందురోజే నేను వార్డంతా కడిగించి, మంచాలన్నీ అటుదిటూ ఇటుదటూ తిప్పి వేయించాను. ఆమెను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి నాలుగు వరండాలు తిప్పి తీసుకొచ్చి ఆ మంచం మీద దింపారు. ఆ గదిలో ఏ దిక్కు ఎటుందో నన్నడిగితే నేనే చెప్పలేను. బయటికి వెళ్ళి ఎండ చూసుకుని వచ్చాను. నిజమే, తల ఉత్తరానికే ఉంది.

ఎవరైనా చెప్పారా అని అడిగాను. ఎవరూ చెప్పలేదట. నుదుటి లోపల ఏదో సన్నగా అటు లాగుతున్నట్టు ఉంటుందనీ, ఎటు తిరిగినా ఆ లాగడం ఒకవైపే ఉంటుందనీ చెప్పింది. ఆ వైపు ఉత్తరమని ఎలా తెలిసిందంటే, పొద్దున్నే ఎండ తగిలే చెంపను బట్టి లెక్క కట్టుకుందట. మంచం తిప్పేదాకా దాని మీద పడుకోనని లేచి నిలబడింది. డాక్టర్ సుభాషిణి అంటే ముక్కు మీద కోపం అని ఆస్పత్రిలో ఆయాలకు కూడా తెలుసు. ఆ రోజు మాత్రం నేను నోరు మూసుకుని మంచానికి ఒక కొస పట్టాను.

కాకినాడ శివార్లలో మాదొక చిన్న పరిశోధనశాల, దాన్ని ఆనుకుని ఒక వార్డు. గర్భిణులకు రక్తం తగ్గినప్పుడు, మాత్రలతో పని జరక్కపోతే, ఇనుమును సెలైన్‌లో కలిపి నరంలోకి ఎక్కించడం ఎప్పటినుంచో ఉన్నదే. బాగానే పనిచేస్తుంది. చిక్కల్లా మళ్ళీ మళ్ళీ రావలసి రావడంలో ఉంది. సముద్రం ముందుకొచ్చాక లంకలకు వెళ్ళే రోడ్లు చాలావరకు మునిగిపోయాయి. పడవ దాటి, ఆటో పట్టుకుని ఒకసారి వచ్చిన గర్భిణి రెండోసారికి రాదు. అందుకని మేం ఒక్కసారి ఎక్కిస్తే కాన్పుదాకా సరిపోయే ఇనుము తయారుచేశాం. మా ఇంజనీరు ఖలీల్ ఆ రేణువులకు గింజలు అని పేరు పెట్టాడు. ఒక్కో గింజకూ పైన పొట్టు ఉంటుంది. కాలేయం వాటిని గాదెలో ధాన్యంలా దాచుకుంటుంది. బిడ్డ పెరిగేకొద్దీ తల్లి ఒంటికి ఎంత కావాలో అన్ని గింజలే పొట్టు విప్పుకుంటాయి.

నూకరత్నం తాళ్ళరేవు అవతల ఒక లంక నుంచి వచ్చింది. వచ్చిన రోజు పెదవులు సున్నం కొట్టినట్టు ఉన్నాయి. కొంగున బియ్యం మూట కట్టుకుని, మాట్లాడుతూ మాట్లాడుతూ గుప్పెడు తీసి నోట్లో పోసుకునేది. రక్తం లేనివాళ్ళకు పచ్చి బియ్యం మీదికి మనసు పోతుంది. ఈ పిల్ల ధర్మమా అని మా ఇంట్లో ఎలకలు పస్తులుంటున్నాయని వెంట వచ్చిన అత్తగారు పల్లాలమ్మ మా నర్సులను నవ్వించింది. గింజలు ఎక్కించాం. వారం తిరక్కుండా బియ్యం మాట మరిచిపోయింది, ముఖంలోకి కళ వచ్చింది. సరిగ్గా అప్పుడే ఈ ఉత్తరం సంగతి బయటపడింది.

ఖలీల్ ఆమెను తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి గిరగిరా తిప్పాడు. ఆగిన ప్రతిసారీ ఆమె వేలు ఒకే గోడను చూపించింది. ఒక అయస్కాంతం తెచ్చి వెనకనుంచి వీపుకు దగ్గరగా పెట్టగానే ఉలిక్కిపడి, ఎవరో జుట్టు పట్టుకుని లాగినట్టుందండీ అంది. గింజల్లో ఉన్నది ఇనుమే కాబట్టి, కొన్ని ఒకదాని వెనక ఒకటి వరసకట్టి దిక్సూచి ముల్లులా పనిచేస్తున్నాయని ఖలీల్ తేల్చాడు. మిగతా ఆడవాళ్ళను అడిగితే ఇద్దరు ముగ్గురు కాస్త తల బరువుగా ఉంటుందన్నారు, అంతే. కళ్ళున్నవాళ్ళకు దాన్ని పట్టించుకునే అవసరం రాలేదు. ఆ సాయంత్రం ఖలీల్ ప్రయోగశాలలో అందరికీ కాజాలు పంచాడు. రెండు నేనే తిన్నాను.

ఇంటికి వెళ్ళాక నూకరత్నం దశ తిరిగింది. ఆమె భర్త గంగరాజు తాపీ మేస్త్రీ. వరదల దెబ్బకు లంకలో ఇళ్ళన్నీ ఎత్తు పునాదుల మీద మళ్ళీ కట్టుకుంటున్నారు, అతనికి చేతినిండా పని. ఒకచోట ఈశాన్యం ఎటన్న దగ్గర ఇంటివాళ్ళకూ వాస్తు చూడ్డానికి వచ్చినాయనకూ మాటా మాటా పెరిగితే, గంగరాజు ఊరికే, తమాషాకి, అన్నం క్యారేజీ తెచ్చిన పెళ్ళాన్ని అడిగాడు. ఆమె తడుముకోకుండా చూపించింది. ఫోను తీసి చూస్తే గీత తప్పకుండా సరిపోయింది. అంతే, మర్నాటినుంచి శంకుస్థాపన ఎక్కడ జరిగినా నూకరత్నాన్ని పిలవకుండా గునపం దింపడం మానేశారు. ఫోనులో దిక్సూచి ఉండగా ఈమె ఎందుకర్రా అని నేనంటే, ఫోను చెప్పిన ఈశాన్యమూ చూలాలు చెప్పిన ఈశాన్యమూ ఒకటేనా మేడమ్ అని మా నర్సే నన్ను ఎదురడిగింది.

గెలలకు గెలలు అరటిపళ్ళు ఇంటికి వస్తున్నాయనీ, రవికల గుడ్డలు పెట్టెలో పట్టడం లేదనీ పల్లాలమ్మ ఫోన్లో చెప్పేది. చూపులేని పిల్లను కొడుకు ఇష్టపడి చేసుకున్నప్పుడు ఆవిడ ఆర్నెల్లు అతనితో మాట్లాడలేదట. ఇప్పుడు మా రత్తం చెప్పిందంటే తిరుగులేదని ఊరంతా టముకు వేస్తోంది.

నేనొకసారి చూడ్డానికి వెళ్ళాను. చింతచిగురులో రొయ్యలు వేసి వండిపెట్టారు. తిరిగి వచ్చేటప్పుడు కొబ్బరితోటలో అడ్డదారిన నన్ను పడవల రేవుదాకా నూకరత్నమే తీసుకొచ్చింది. చేతిలో కర్ర లేదు. బోదె కాలవ ఉంది, చూసి దాటండి డాక్టరమ్మా అని నాకే జాగ్రత్త చెప్పింది. తోటలో ఆమె ముందు, నేను వెనక. అంత సంతోషం నేను ఈ ఉద్యోగంలో ఎప్పుడూ పడలేదు.

ఏడో నెలలో రక్తపరీక్ష చేస్తే ఆ సంతోషం కాస్తా దిగిపోయింది. రక్తం మళ్ళీ పడిపోయింది, మొదట వచ్చినప్పటికంటే కిందికి. నేను శాంపిల్ మారిపోయిందనుకుని నర్సుల మీద ఎగిరి, ఇంకోసారి తీయించాను. అదే వచ్చింది.

ఖలీల్ స్కానింగు తీసి చూపించాక విషయం అర్థమైంది. కాలేయం నిండా ఇనుము ఉంది, కానీ విప్పుకోవడం లేదు. మొదట్లో పైపైన ఉన్న గింజలు విప్పుకుని ఒంటికి పట్టాయి. మిగిలినవి ఒకదానికొకటి అతుక్కుని గొలుసులు కట్టాయి. గొలుసులో చిక్కిన గింజ పొట్టు ఊడదు. ఆమెకు ఉత్తరం చూపించేవి ఆ గొలుసులే, కాలేయంలో పడే లాగుడే ఆమెకు నుదుట్లో తెలుస్తోంది. ఎంత గట్టిగా దిక్కు తెలుస్తుంటే, లోపల బిడ్డకు అంత ఇనుము అందకుండా ఉన్నట్టు లెక్క. ఇంకో డ్రిప్ పెడదామంటే లోపల ఉన్నదే ఎక్కువ, ఇంకా పోస్తే కాలేయం పాడవుతుంది. అలా వదిలేస్తే కాన్పులో ఏ ఆడదానికైనా పోయేపాటి రక్తం పోయినా ఆమె తట్టుకోలేదు. రక్తం ఎక్కిద్దామన్నా ఆమెది మా జిల్లాలో దొరకని గ్రూపు.

దారి ఒక్కటే ఉంది. గొలుసులను విడగొట్టడానికి ఖలీల్ నెలరోజుల్లో ఒక మంచం తయారుచేశాడు. కాలేయం ఉన్న వైపు ఒక రాగితీగ చుట్ట, అందులో తిరిగే అయస్కాంత బలం. ఒక పూట పడుకుంటే గొలుసులు తెగి, గింజలు విడివడి, పొట్టు విప్పుకోవడం మొదలవుతుంది. అలాంటి ఇబ్బందే కొద్దిగా వచ్చిన ఇంకో ఇద్దరిని అప్పటికే పడుకోబెట్టాం. ఇద్దరికీ బాగుంది. వాళ్ళకు పోయిందేమీ లేదు.

నూకరత్నాన్ని పిలిపించి అంతా చెప్పాను. కొంచెమైనా ఉంచరా అని ఆమె బేరం మొదలుపెట్టింది. సగం ఉంచండి, పోనీ పావు వంతు ఉంచండి, ఇంట్లోంచి రేవుదాకా తెలిసేటంత చాలు అని అడిగింది. కుదరదన్నాను. గొలుసు ఉంటే ఉంటుంది, తెగితే తెగుతుంది.

“పుట్టి బుద్ధెరిగిన కాడినుంచీ ఎవరో ఒకరు నా చెయ్యట్టుకుని నడిపించినోళ్ళేనండి,” అంది. “నేనొకరికి దారి చూపించడం ఇదే మొదలండి. పట్టుమని నాలుగు నెలలు కూడా అవలేదు.”

మామూలుగా ఇలాంటి చోట నేను పేషెంట్లను కసురుతాను. బిడ్డ కావాలా, ఇది కావాలా అని గద్దిస్తాను. ఆమెను అలా అడగడానికి నోరు రాలేదు. ఆలోచించుకుని రమ్మన్నాను. గంగరాజు ఆమె చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుని, తనంతట తానే వరండా దాటి గేటుదాకా వెళ్ళిపోయింది.

ఆ వారమంతా నేను ఫోను పక్కన పెట్టుకునే ఉన్నాను. మంచం దగ్గర ఏదో ఒకటి బిగిస్తూ ఖలీల్ కూడా ఎటూ కదల్లేదు. దీని పొట్టు మార్చి కొత్త గింజలు చేస్తే ఎవరికీ గొలుసులు కట్టవు, ఎవరికీ ఈ దిక్కులూ తెలియవు అన్నాడు. మంచిదేగా అన్నాను. మంచిదే అన్నాడు. ఇద్దరికీ ఏదోగా ఉంది.

వారం గడిచాక ఒక ఉదయం ఆమే వచ్చింది, అత్తగారిని వెంటబెట్టుకుని. పడవ దిగి వచ్చేసరికి రొప్పుతోంది. కుర్చీలో కూలబడి, కాసిని మంచినీళ్ళు తాగి, కాలవ గట్టు ఎక్కలేక మధ్యలో కూర్చుండిపోయిన సంగతి చెప్పింది. “దిక్కు తెలుత్తందండి, అడుగే పడట్లేదు. లోపలున్నోడికి దిక్కులతో పనేంటండి, రగతం గావాలి గానీ. పడుకోబెట్టెయ్యండి,” అంది. మనసు మారిపోతుందేమోనని భయం ఆమె గొంతులోనే వినిపించింది. అప్పటికప్పుడు గది సిద్ధం చేయించాను.

అన్నీ సిద్ధమయ్యాక పల్లాలమ్మ గదిలోకి వచ్చి, మంచాన్ని ఎగాదిగా చూసి, తలాపి ఎటు అని అడిగింది.

ఖలీల్ నావైపు చూశాడు. ఆ మంచాన్ని తల ఉత్తరానికి పెట్టి కాంక్రీటులో బోల్టులతో బిగించి ఉంది. భూమికుండే అయస్కాంత గీతకు సరిగ్గా కుదరాలని అతను నెలరోజులు కూర్చుని సరిచూసుకున్నాడు. అతన్ని అని ఏం లాభం? ఉత్తరానికి తల పెడితే మా అమ్మ అర్ధరాత్రయినా లేపి అటు తిప్పి పడుకోబెట్టేది, అలా పెరిగిన నాకే ఆ సంగతి తట్టలేదు. తిరగేసి పడుకోబెడదామంటే చుట్ట ఒకవైపే ఉంది. కాలేయం మీద ఉండవలసింది ఎడం పక్కకు పోతుంది. విప్పి మళ్ళీ బిగించాలంటే ఇంకో నెల. ఆమెకు నెల రోజుల వ్యవధి లేదు. ముందు పడుకున్న ఇద్దరూ అసలు అడగలేదు, మేమూ చెప్పలేదు.

తూర్పు అని చెప్పేశాను.

నా గొంతులో ఏం దొరికిందో గానీ పల్లాలమ్మ కదల్లేదు. భర్త పోయినప్పుడు వాకిట్లో ఉత్తరానికి తల పెట్టే పడుకోబెట్టారనీ, కడుపుతో ఉన్న మనిషిని అలా పెట్టడం తన కంఠంలో ప్రాణం ఉండగా జరగదనీ అంది. డాక్టర్లకు ఇవన్నీ పట్టవనీ, మా మాట మీద తనకు నమ్మకం లేదనీ మొహం మీదే చెప్పింది. నమ్మకం లేకపోతే మానె, ఊళ్ళో అందరికీ దిక్కులు చెప్పే మనిషి తన ఇంట్లోనే ఉండగా మమ్మల్ని అడగడం ఎందుకంది.

“రత్తం, నువ్వు చెప్పు. తలాపి ఎటే?”

నూకరత్నం మంచం తల వైపు పట్టీ మీద చెయ్యి వేసి నిలబడి ఉంది. మా వార్డులో మొదటి వారంలోనే ఉత్తరం తలాపి అని మంచం దిగిన మనిషి ఈమె. అత్తగారికి ఎంత పట్టింపో ఈమెకూ అంత పట్టింపు. ఇంటికి పోదాం పదండి అంటే నేను చేయగలిగింది ఏమీ లేదు. పోయినా పోతుందనే అనుకున్నాను.

ఆమె ముఖం ఒకసారి కుడికీ ఎడమకూ తిరిగి, తన ఉత్తరం దగ్గర ఆగింది. మంచం తలాపికి సూటిగా ఉంది ముఖం.

“తూర్పేనత్తా,” అంది.

అని, ఎవరి చెయ్యీ అందుకోకుండా మంచమెక్కి పడుకుంది. పల్లాలమ్మ ఒక్క క్షణం అలాగే నిలబడింది. అయితే సరే అని, కోడలి కాళ్ళ మీద దుప్పటి సర్ది, బయట బల్ల మీద కూర్చుంటానని వెళ్ళిపోయింది.

ఖలీల్ మీట నొక్కాడు. చుట్ట సన్నగా మూలగడం మొదలుపెట్టింది. నొప్పి ఉండదు, అది ముందే చెప్పాం. నేను ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. ఈసారి విదిలించుకోలేదు. కాసేపటికి ఊగుతోందండి అంది. ఇంకాసేపటికి, అటా ఇటా అని వెతుక్కుంటోందండి అంది. ఆ పైన ఇంకేం చెప్పలేదు. ఎండ కిటికీ దిగిపోయేదాకా అలాగే కళ్ళు మూసుకుని ఉంది. మూలుగు ఆగాక మెల్లగా తల అటూ ఇటూ తిప్పింది. ఏ వైపూ ఆగలేదు.

“అయిపోయిందండి. అన్నేపులా ఒక్కలాగే ఉంది,” అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఖలీల్ మంచం కింద ఏదో చూడాలని వంగి చాలాసేపు లేవలేదు.

ఆ తర్వాత మేం ఊహించినట్టే జరిగింది. రక్తం పుంజుకుంది. పెదవులు ఎర్రబడ్డాయి. లంకలో శంకుస్థాపనలకు మళ్ళీ ఫోన్లే దిక్కయ్యాయి. ఒకరిద్దరు ఇంటికొచ్చి అడిగితే, పిల్ల కడుపున పడ్డాక దాని ఒంట్లోకి పోయింది, పెద్దయ్యాక దాన్నే అడగండి అని పల్లాలమ్మ దులిపి పంపించిందట. నెలలు నిండాక కాన్పు మా దగ్గరే అయింది. ఆడపిల్ల. బొద్దుగా, ముట్టుకుంటే ఎర్రగా కందేటట్టు ఉంది. తల్లికి పోయిన రక్తం పెద్ద లెక్కలోనిది కాదు, తేలిగ్గా తట్టుకుంది. మూడోరోజుకే గోడ పట్టుకుని వార్డంతా తిరుగుతూ పక్క మంచాలవాళ్ళ పిల్లల పేర్లన్నీ అడిగి తెలుసుకుంది.

పిల్లకు మూడో నెల వచ్చాక పరీక్షలకు తీసుకొచ్చారు. నూకరత్నం లోపల రక్తం ఇస్తోంది. వరండాలో పల్లాలమ్మ మనవరాలిని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని ఊపుతోంది. నేను పక్కన కూర్చుని పిల్ల బుగ్గ లాగుతూ, పిల్ల దివ్యంగా ఉందనీ, ఆ రోజు నువ్వు ఒప్పుకోకపోతే ఏమయ్యేదోననీ అన్నాను. ఏదో మాట వరసకన్నాను.

ఆవిడ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. “ఒప్పుకోక ఏం చేత్తానండి? పొద్దుటి ఎండ కిటికీలోంచి పిల్లదాని ఎడం చేతి మీద పడుతుంటే, తలాపి ఎటుందో నాకు తెలవదేంటండీ?”

అంత పెద్ద అబద్ధం ఆడినవాళ్ళం, నాకు గానీ ఖలీల్‌కు గానీ కిటికీ తెర వేయాలన్న బుద్ధి పుట్టలేదు. మరి తెలిసి తెలిసీ ఎందుకు ఊరుకున్నావని అడిగాను.

“దాని నోటంట ఎప్పుడూ తప్పు దిక్కు రాలేదండి. అలాంటిది తూర్పందంటే, అది అప్పుడే అంతా ఇచ్చేసింది కదండీ బిడ్డకి. ఇంక నేను అడ్డంపడి ఏం కాపాడాలని?” పిల్ల ముఖం మీద ఈగను తోలింది. “నేను నమ్మేసేననే అనుకుంటంది పిచ్చిది. అలాగే అనుకోనివ్వండి, మీరు చెప్పకండి.”

చెప్పనన్నాను. నూకరత్నం చేతి మీద దూది అదుముకుంటూ తలుపు దగ్గరికి వచ్చి, అత్తా, పిల్లేదీ అని అడిగింది. ఇక్కడే ఉన్నాం, గడప ఉంది చూసుకుని రా అని పల్లాలమ్మ లేచి ఎదురెళ్ళింది.